ముక్తినాథుడికి పెళ్ళిపిలుపు

లగ్జరీ అన్న మాట మా నంద్యాల, ఆళ్లగడ్డ జనానికి ఒకే అర్థంలో తెలుసు. బస్టాండులో నిలబడ్డ బస్సు నొసట "సూపర్ లగ్జరీ" అని రాసి ఉంటుంది. ఎక్కితే సీటు వెనక్కి వాలుతుంది, మనం అడగకపోయినా ఒక సినిమా వేస్తారు, తెల్లారేసరికి మెడ పట్టేసి హైదరాబాదులో దిగుతాం. అందుకే పద్మ ఫోన్ చేసి, "మీ ఇద్దరికీ హిమాలయాల లగ్జరీ టూరు బుక్ చేసినా" అన్నప్పుడు వాళ్ళమ్మ సుభద్ర అడిగిన మొదటి ప్రశ్న "కిటికీ పక్క సీటేనా?" అని.

వెళ్ళి వచ్చి కొన్ని నెలలైంది. చూసినవన్నీ రాయమని పద్మ నన్ను ఒకటే పోరు పెడుతోంది. ఉద్యోగమంతా జ్వరాలు, బీపీలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. తప్పులుంటే సర్దుకుపోండి.

బయలుదేరక ముందు

నా పేరు కరుణమ్మ. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై నంద్యాలలో ఉంటున్నాను. సుభద్ర ఉండేది ఆళ్లగడ్డలో. వాళ్ళది అహోబిలం గుడి సేవలో ఉన్న కుటుంబం, మాది ఆదివారం చర్చికి పోయే కుటుంబం. నేను ఆళ్లగడ్డలో పనిచేసిన రోజుల్లో ఒకే గోడకు ఆ పక్క వాళ్ళు, ఈ పక్క మేము. నాకు పిల్లలు కలగలేదు. సుభద్ర కూతురు పద్మ బడి నుంచి వస్తూనే పుస్తకాల సంచి మా ఇంట్లో పడేసేది, అన్నం వాళ్ళింట్లో తినేది, నిద్ర ఎక్కడ ముంచుకొస్తే అక్కడ పడుకునేది. ఊరందరిలాగే అదీ నన్ను సిస్టరమ్మా అని పిలిచేది. హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేస్తున్నా ఇప్పటికీ అదే పిలుపు.

పద్మ మొదటి పెళ్ళి నిలవలేదు. ఎవరి తప్పన్నది ఇక్కడ రాయను. విడాకులై చాలా ఏళ్ళు ఒంటరిగా ఉండి, ఇప్పుడు తన ఆఫీసులోనే పనిచేసే రఘును ఇష్టపడింది. అబ్బాయి మంచివాడు. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు. సుభద్ర సంతోషంగా కార్డులు అచ్చువేయించింది. చిక్కు అక్కడే వచ్చింది.

మా వైపు పెళ్ళిపిలుపును ఫోన్లో చెబితే చెల్లదు. ముత్తైదువ ఇంటికి వచ్చి, కుంకుమ భరిణె మూత తీసి బొట్టు పెట్టి, అక్షింతలు చేతిలో పోసి, "ఫలానా వారింటి పిలుపు, మా పాప పెండ్లి, ముందుగా రావాల" అని నోటితో అనాలి. "ముందుగా" అన్న మాట వినబడలేదని అలిగి పెళ్ళికి రానివాళ్ళను నేనెరుగుదును. ఈ పద్ధతి మా దేవుడికి కూడా తప్పలేదు. అహోబిలం నరసింహస్వామి ఏటా తన పెళ్ళికి తానే పల్లకీ ఎక్కి, వారాల తరబడి ఊరూరూ తిరిగి జనాన్ని పిలుస్తాడు. పార్వేట అంటాం దాన్ని. వేరే ఊళ్ళలో జనం దేవుడి దగ్గరికి పోతారు, మా దగ్గర దేవుడే వీధిలోకి వస్తాడు. ఆ పల్లకీ వెంట నడిచి, ఇంటింటి ముందూ స్వామి తరఫున పిలుపు చెప్పే సేవ సుభద్ర పెద్ద బావగారిది. అంటే చనిపోయిన ఆమె భర్తకు అన్న.

ఆ బావగారే కార్డు చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. "రెండో పెండ్లికి పిలుపులేందీ? గమ్మున గుళ్ళో తాళి కట్టించుకోని రాండి. మా ఇంట్లోనుంచి ఎవురూ రారు" అన్నాడు. భర్త లేని సుభద్ర బొట్టు పెట్టి పిలవకూడదు. పిలుపులకు పోవలసింది తోడికోడలు, అంటే ఆ బావగారి భార్య. మొగుడి మాట విని ఆమె చేతులెత్తేసింది. ఇక మిగిలిన ముత్తైదువను నేను. మా ఆయన నంద్యాలలో నిక్షేపంగా రోజుకు మూడు కాఫీలు తాగుతున్నాడు. కానీ నా నొసట బొట్టు ఉండదు కదా.

"బొట్టు ల్యాని ముత్తైదువ బొట్టు పెడితే ఊరంతా నవ్వుతాది మే" అని సుభద్రే నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పెళ్ళికి ఎవరూ రాకపోతే, ఖాళీ కుర్చీల ముందు పిల్ల తల వంచుకుని కూర్చోవలసి వస్తుందని ఆమె భయం. మొదటి పెళ్ళికి ఊరంతా వచ్చింది. ఆ పెళ్ళి ఏమైందో ఊరంతా చూసింది. ఈసారి తన బిడ్డ ఏదో తప్పు చేసినదానిలా దొంగచాటుగా పెళ్ళి చేసుకోవడం ఆ తల్లికి ఇష్టం లేదు.

సుభద్ర టూరు సంచి సర్దుతున్నప్పుడు కుంకుమ భరిణె చీరల మధ్య కనబడింది. ఇదెందుకని అడిగాను.

"ఆడ ముక్తినాథుడని నారాయణుడుండాడంట గదా. పొయ్యి ఆయన్ను పిలుస్తా. సుట్టాలు రాకుంటే పాయె, ఆయనొస్తే సాలు."

"మరి అహోబిలం స్వామి?"

"ఈడుండేటాయన యాడికి పోతాడు, ఎట్లైనా వస్తాడు. దూరమున్నోళ్ళనే పొయ్యి పిలవాల."

ఖాట్మండు

విమానాశ్రయం బయట మా గైడు సుదీప్ బంతిపూల దండలతో నిలబడి ఉన్నాడు. నడివయసు మనిషి, నిదానస్తుడు. బృందమంటే మేమిద్దరం, విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజనీరుగారు, ఆయన భార్య, అంతే. నాకు హిందీ వచ్చునన్న ధీమాతో ఉన్నాను. నిజానికి అది ఆసుపత్రిలో రోగుల దగ్గర పట్టుకున్న నంద్యాల ఉర్దూ. సుదీప్ నా పెట్టె అందుకోబోతే "నక్కో భయ్యా, నక్కో" అన్నాను. అతను చెయ్యి గాల్లో ఆపి, ఇదేం భాషరా దేవుడా అన్నట్టు చూశాడు. వద్దని చెప్పడానికి మా ఊళ్ళో ఇంతకంటే మర్యాదైన మాట లేదని వివరించాను. సాయంత్రానికి అతనే టీ వద్దంటూ "నక్కో దిదీ" అంటున్నాడు.

హోటలు గదిలో అడుగుపెట్టగానే లగ్జరీ అంటే ఏమిటో తెలిసింది. నేల మీద నడవాలంటేనే మొహమాటం. స్నానాలగదిలో పడుకునేంత తొట్టి ఉంది. సుభద్ర దాన్ని చుట్టూ తిరిగి చూసి, "గుడ్డలు నానబెట్టుకోను బాగుండాది" అని తన చీరలు నానబెట్టేసింది. మంచం మీద తువాళ్ళను మడిచి రెండు హంసలు చేసి పెట్టారు. వాటిని విప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు. "ఎవురో అంత కష్టపడి చేసినారు, పీకను చేతులెట్లొస్తాయి మే?" అని ఇంటి నుంచి తెచ్చుకున్న తుండుతోనే తుడుచుకుంది. గది శుభ్రం చేసే అమ్మాయి మాకు హంసలంటే ప్రాణం అనుకుందేమో, మర్నాడు ఇంకో రెండు చేసి పెట్టింది. నాలుగు హంసలను దిండ్ల పక్కన సర్దుకుని మేము మంచం అంచున పడుకున్నాం.

భోజనాల బల్ల నిండా ఎన్నో రకాలు ఉన్నాయి. సుభద్ర ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. ఆవిరి మీద ఉడికించిన మోమోలను చూసి "కుడుములు" అని సంబరపడింది. లోపల ఏముందో సుదీప్ చెప్పగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. అన్నం, పప్పు, నిలవ ఆకుకూరతో చేసిన గుంద్రుక్ అనే పుల్లటి పులుసు ఆమెకు నచ్చాయి. "గోంగూరకు మేనత్త కూతురు మాదిరుండాది" అంది. సంచిలోంచి చెనక్కాయల పొడి తీసి అన్నంలో కలుపుకుంటే, వడ్డించే పెద్దమనిషి వాసనకు వచ్చి నిలబడ్డాడు. ఆయన అరచేతిలో కాస్త పోసింది. ఆయన నాలుకకు రాసుకుని, వంటింట్లోకి పోయి ఇంకో మనిషిని పిలుచుకొచ్చాడు. మూడో రోజుకు మా పొడి సగమైంది.

రెండో రోజు పొద్దున పశుపతినాథుని గుడికి పోయాం. బాగ్మతి ఒడ్డున ఒక పక్క చితులు కాలుతుంటే, ఇంకో పక్క మెట్ల మీద కోతులు జామపండ్ల కోసం కొట్లాడుకుంటున్నాయి. గుడి తలుపు దగ్గర హిందువులకు మాత్రమే ప్రవేశమని బోర్డు ఉంది. సుదీప్ నన్ను పక్కకు పిలిచి, మీరు భారతీయులు కదా, ఎవరూ అడగరు, వచ్చేయండి అన్నాడు. ఎవరూ అడగరని నాకూ తెలుసు. కానీ వాళ్ళ గడప దగ్గర అబద్ధమాడి లోపలికి పోవడం నాకు ఇష్టం లేకపోయింది. నేను ఏటికి ఇవతల మెట్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక ముసలమ్మ ఆకుదొన్నెల్లో దీపాలు అమ్ముతోంది. భాష కలవకపోయినా మోకాళ్ళ నొప్పుల గురించి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. సుభద్ర బయటికి వచ్చి ప్రసాదంలో సగం తుంచి నా చేతిలో పెట్టింది.

"లోపల పూజార్లు కన్నడమోళ్ళు మే! బేగ బేగ అంటాండారు. ఇంత దూరమొచ్చి పక్కింటోళ్ళను చూసినట్టాయె" అంది. మాఘమాసంలో పెండ్లి, ఆళ్లగడ్డకు రమ్మని ఆ పూజారికి కూడా చెప్పి వచ్చిందట.

చిత్వన్ అడవి

కొండ దిగి మైదానంలోకి వచ్చాక ఎండ మా ఎండలాగే ఉంది. అడవి అంచున విడిది, గడ్డికప్పు కుటీరాలు, లోపల మాత్రం చల్లటి మిషను. నల్లమల పక్కన పుట్టిన వాళ్ళం కాబట్టి అడవి మాకేం కొత్తని బింకంగా బయల్దేరాం. మాకు అడవి చూపించే ఆమె పేరు సీత. అక్కడి థారూ తెగ అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. జీపులో ముందు నిలబడి పోతూ ఒకచోట చెయ్యెత్తింది. ఏనుగు గడ్డి కదిలింది. ఖడ్గమృగం బయటికి వచ్చి మా దారికి అడ్డంగా నిలబడింది. ఇంజనీరుగారు కెమెరా తీయడం మర్చిపోయి భార్య చెయ్యి పట్టుకున్నాడు.

సుభద్ర దాన్ని నిదానంగా ఎగాదిగా చూసింది. "ఇది మన ఎనుమే మే. కొమ్ము తప్పుచోట మొలిచింది, పాపం" అంది. మా వైపు బర్రెను ఎనుము అంటాం. నేను సీతకు అనువదించి చెబితే ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక జీపు కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయింది. ఖడ్గమృగం మాత్రం నవ్వులు పట్టించుకోకుండా చెవులు ఆడించి బురదగుంటలోకి దిగింది.

పులిని చూడలేదు. తడి ఇసుకలో దాని అడుగులు చూశాం. మా ఆత్మకూరు వైపు అడవిలోనూ పులులున్నాయని, వాటినీ ఇలా అడుగుల్లోనే ఎరుగుదుమని చెప్పాను. సీత తల ఊపింది. అడవిలో ఉండేవాళ్ళకు పులి కంటే దాని అడుగులే చుట్టమని ఆ పిల్ల అంది.

సాయంత్రం ఏటి ఒడ్డున టీ తాగుతుండగా సుభద్ర తన పిలుపుల సంగతి చెప్పింది. దేవుడు పల్లకీలో ఇంటికి వచ్చి తన పెళ్ళికి పిలుస్తాడంటే సీతకు ఆశ్చర్యం. మమ్మల్నీ పిలవండి అంది. సుభద్ర అక్షింతలు తీసి ఇచ్చింది. భరిణె ఒళ్ళోనే ఉన్నా మూత తీయలేదు. సీత నా వైపు చూసి, దాంట్లో ఉన్నది పెట్టరా అని అడిగింది. నేను కారణం చెప్పాను.

ఆ ప్రాంతంలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ నుదుట బియ్యం కలిపిన బొట్టు పెట్టి దీవించే పండుగ అప్పుడే అయిపోయింది. "మా అమ్మకూ భర్త లేడు. నాకు బొట్టు పెట్టింది మా అమ్మే. పెద్దదాని చెయ్యి పెద్దదాని చెయ్యే కదా" అని, సీత కుర్చీ దిగి వచ్చి సుభద్ర ముందు మోకాళ్ళ మీద కూర్చుని నుదురు ముందుకు చాపింది.

సుభద్ర నా మొహం చూసింది. చాలాసేపు భరిణె మూత మీద వేలు పెట్టుకుని కూర్చుంది. చివరికి మూత తీసి, ఉంగరపు వేలితో కుంకుమ తీసి ఆ పిల్ల నుదుట పెట్టింది. భర్త పోయిన తర్వాత ఆమె ఎవరికీ బొట్టు పెట్టగా నేను చూడలేదు. "మా పాప పెండ్లి, ముందుగా రావాల" అంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

జోమ్సోమ్

పోఖరా నుంచి చిన్న విమానం. రెండు మంచుకొండల సందులోంచి అది పోతుంటే ఇంజనీరుగారి భార్య కళ్ళు మూసుకుంది. సుభద్ర పైకే గోవింద నామాలు చదివింది, నేను లోలోపల కీర్తనలు చదివాను. మా ఇద్దరి దేవుళ్ళకూ ఆ పూట చేతినిండా పని.

దిగిన చోట చెట్టు చేమ లేదు. ఎటు చూసినా మట్టిరంగు కొండలు, వాటి వెనక తెల్లటి కొండలు, మధ్యలో కాళీ గండకి నది. సుభద్ర వాళ్ళ ఇళ్ళలో పూజలందుకునే సాలగ్రామాలు ఈ నదిలోవే. సుభద్ర దిగగానే ఒడ్డుకు పోయి నీళ్ళను తాకి కళ్ళకద్దుకుంది. "మా అత్తగారి సాలగ్రామానికి ఇది పుట్టిల్లు మే" అంది. మధ్యాహ్నానికి గాలి మొదలైంది. మనిషిని తోసేసే గాలి. విడిది నడిపే, అక్కడి థకాలీ తెగ ఇల్లాలు మాకు ఆపిల్ ముక్కలు, వేడివేడి గోధుమరొట్టె పెట్టింది. ఆపిల్ పండ్లు చౌకగా దొరుకుతాయి, మా దగ్గర సంతలో సీతాఫలాలు అమ్మినట్టు గంపలతో అమ్ముతున్నారు.

సుభద్ర రొట్టె ముట్టలేదు. తల నొప్పంది. పొద్దు వాలేసరికి వాంతి చేసుకుంది. పెదవులు నీలంగా మారాయి. వేలికి తగిలించే మీటరు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. అది చూపించిన అంకె నాకు నచ్చలేదు. విడిదిలో ఆక్సిజన్ ఉంది, పెట్టాం, తేలికపడింది. తీసేస్తే మళ్ళీ మొదటికి వచ్చింది. ముక్తినాథ్ ఇంకా బాగా ఎత్తున ఉంది. పొద్దున జీపు సిద్ధమయ్యాక, నువ్వు రావద్దు, మధ్యాహ్నం కిందికి దిగిపోదాం అని చెప్పేశాను.

"ఇంత దూరమొచ్చి గడపలో నిలబెడతావా?"

"పైన ఏమన్నా అయితే పద్మకు నేనేం చెప్పాల?"

"పోయినా ఆయన కాడే పోతా గదా!"

"పోతావు సరే. పాప పెండ్లి ఎవురు చేస్తారు?"

ఆమె మంచం మీద అటు తిరిగి పడుకుంది. "నువ్వు నర్సువు కాకుండా ఉంటే బాగుండు" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా నేను నర్సునే. ఆక్సిజన్ గొట్టం సరిచేసి పక్కనే కూర్చున్నాను. కొండ మీద గుడి తెరిచే ఉంటుంది, ఆమెకు మాత్రం ఇంకో అవకాశం రాదని ఇద్దరికీ తెలుసు.

కొంతసేపటికి ఇటు తిరిగింది. దిండు కింద నుంచి భరిణె, అక్షింతల పొట్లం, పెళ్ళి కార్డు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వు పొయ్యి పిల్చుకోని రా."

"నేనా? నేను మొక్కను మే, తెలుసు గదా."

"మొక్కమన్నానా? పిలవమంటాండా. పిలుపుకు ఇంటిమనిషి పోతే సాలు."

భరిణె మూత తీసింది. కుంకుమ వేలికి అద్దుకుని నా నుదుటి దాకా తెచ్చింది. అక్కడ ఆగి, వేలు తన కొంగుకు తుడిచేసుకుంది. "నీకు పెట్టను. నువ్వెట్లుంటావో అట్లనే పో. ఆయనకు తెలుసులే" అంది. వెంటనే పద్ధతులు గుర్తుకొచ్చి మళ్ళీ లేవబోయింది. "మొదట మా ఇంటిపేరు చెప్పాల. ఫలానా వారింటి పిలుపు అనాల. మర్చిపోవాకు."

ముక్తినాథ్ గడప

జీపు దిగాక మెట్లు. నా ఊపిరి నాకే వినబడుతోంది. గుడి వెనక గోడకు వరసగా ఆవు ముఖాలు, వాటి నోళ్ళలోంచి చన్నీళ్ళు పడుతున్నాయి. ఇంజనీరుగారు కేకలు పెడుతూ వాటి కింద పరుగెత్తాడు. ఆయన భార్య పక్కన నిలబడి తువాలు పట్టుకుని నవ్వుతోంది. నేను సుభద్ర కోసం చిన్న సీసాలో నీళ్ళు పట్టుకున్నాను.

గుడి చిన్నది. పైకప్పు మూడంతస్తులుగా ఉంది. లోపల స్వామి దగ్గర ఉన్నది బౌద్ధ సన్యాసిని. ముదురెరుపు బట్టలు, దగ్గరగా కత్తిరించిన తెల్ల జుట్టు, మొహం నిండా ముడతలు. హిందువులకు ఆయన నారాయణుడు, వాళ్ళకు ఆయన వాళ్ళ దేవుడు, ఇద్దరికీ తలుపు ఒకటే అని సుదీప్ చెప్పాడు. నేను గడప బయట ఆగిపోయాను. ఆమె లోపలికి రమ్మని చెయ్యి ఊపింది. నా నోటి నుంచి "నక్కో" అని వచ్చేసింది. సుదీప్ నవ్వు దాచుకుని, ఈమె క్రైస్తవురాలు, జబ్బుపడిన స్నేహితురాలి తరఫున దేవుడిని పెళ్ళికి పిలవడానికి వచ్చింది అని వాళ్ళ భాషలో చెప్పాడు.

ఆమె ఆ మాటలను మరోసారి చెప్పించుకుంది. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించుకుని లేచి, నెమ్మదిగా నడిచి గడప దగ్గరికి తానే వచ్చింది. నాకు మా వీధిలో ఆగే పల్లకీ గుర్తుకొచ్చింది.

భరిణె, అక్షింతలు, కార్డు ఆమె చేతుల్లో పెట్టాను. ఇక నోటితో పిలవాలి. లోపల దీపం వెలుగులో స్వామి మొహం కనబడుతోంది. దారి పొడుగునా వల్లె వేసుకున్న ఇంటిపేరు ఎటుపోయిందో! పద్మ మా ఇంట్లో సంచి పడేసిన చప్పుడు, జ్వరమొచ్చినప్పుడు నా భుజం మీద పెట్టిన వేడి తల, కోర్టు నుంచి వచ్చిన రోజు మా వంటింట్లో గోడకానుకుని కూర్చున్న తీరు, ఇవే వచ్చాయి.

"మా పాప పెండ్లి" అన్నాను. "మాఘమాసంలో, ఆళ్లగడ్డలో. ముందుగా రావాల."

సన్యాసిని ఏదో అడిగింది. మీ కూతురా అని అడుగుతోంది అన్నాడు సుదీప్. పశుపతినాథుని దగ్గర అబద్ధమాడనని మెట్ల మీద కూర్చున్నదాన్ని. ఇక్కడ అవునన్నాను. అది అబద్ధమని నాకు అనిపించలేదు.

ఆమె లోపలికి పోయి అక్షింతలు స్వామి పాదాల దగ్గర ఉంచింది. తిరిగి వచ్చి భరిణె నాకిచ్చి, ఒక తెల్లటి పట్టు కండువా నా మెడలో వేసి, రెండు చేతులతో నా చెంపలు పట్టుకుంది. ఆ చేతులు ఎంత వెచ్చగా ఉన్నాయో!

కిందికి వచ్చేసరికి సుభద్ర మంచం మీద కూర్చుని, ఆ థకాలీ ఇల్లాలితో కలిసి చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఒకరి మాట ఒకరికి తెలియదు, ఇద్దరూ ఆపకుండా మాట్లాడుతున్నారు. సీసాలో నీళ్ళు తల మీద చల్లుకుని, కండువా ఒళ్ళో పెట్టుకుని, ఏమని పిలిచావని అడిగింది.

"ఇంటిపేరు మర్చిపోయినా మే. మా పాప పెండ్లి అనేసినా."

తిడుతుందనుకున్నాను. నా చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "అంతకంటే ఏం చెప్తావులే" అంది.

ఆళ్లగడ్డ

తిరిగి వచ్చాక సుభద్ర ఎవరి కోసమూ ఆగలేదు. భరిణె తీసుకుని తానే ఇంటింటికీ పోయింది. బొట్టు తానే పెట్టింది. నేను అక్షింతల గిన్నె పట్టుకుని వెంట నడిచాను. ఒకరిద్దరు మేము వస్తున్నామని చూసి తలుపు వేసుకున్నారు. ఎక్కువమంది నుదురు ముందుకు పెట్టారు. బావగారింటికి కూడా పోయాం. ఆయన పార్వేట పల్లకీ వెంట పల్లెల్లో ఉన్నాడు. తోడికోడలు గడపలో నిలబడి బొట్టు పెట్టించుకుంది. "ఆయన రానియ్యడు సుభద్రా" అని మెల్లగా అంది.

పెళ్ళి రోజు కల్యాణ మండపంలో సగం కుర్చీలు నిండాయి. సగం నిండలేదు. సుభద్ర ముందు వరసలో ఒక కుర్చీ మీద ముక్తినాథ్ కండువా పరిచి, దాంట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆమె చూపు మాటిమాటికీ వాకిలి వైపు పోతోంది. ముహూర్తం అయింది, రఘు తాళి కట్టాడు, మేమంతా అక్షింతలు చల్లాం. కండువా కుర్చీ మీద అలాగే ఉంది.

తలంబ్రాలకు కూర్చోబోతుండగా వీధి చివర తప్పెట్లు, కొమ్ములు వినబడ్డాయి. పల్లకీ రెండు రోజుల ముందే ఆ వీధి దాటిపోవలసింది. ప్రతి ఊళ్ళోనూ జనం ఆపుకుంటారు కదా, ఆలస్యమైంది. బోయీలు మండపం ముందుకు వచ్చి, వాకిట్లో పచ్చటి తోరణం, లోపల పెళ్ళి చూసి, మామూలు ప్రకారం పల్లకీ దించారు. పెళ్ళి జరుగుతున్న వాకిలిని స్వామి దాటిపోడు.

పల్లకీ పక్కన దుమ్ము కాళ్ళతో బావగారు నిలబడి ఉన్నాడు. లోపలికి చూశాడు, తల తిప్పుకున్నాడు. కానీ పిలుపు చెప్పవలసింది ఆయనే. మధుపర్కాలతో పద్మ, రఘు బయటికి వచ్చి పల్లకీకి దండం పెట్టారు. సుభద్ర చెంబుతో బెల్లంనీళ్ళు తీసుకుని ఆయన ముందు నిలబడింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నరసింహస్వామి పెండ్లి. ముందుగా రావాల" అన్నాడు.

"వస్తాము బావా. మా పాప పెండ్లికి మీరొచ్చినారు గదా" అంది సుభద్ర.

బావగారు చెంబు అందుకుని, తాగి, తిరిగి ఇచ్చాడు. పల్లకీలోంచి అక్షింతలు తీసుకున్నాడు. పద్మ తల వంచింది. ఆయన చెయ్యి ఒక క్షణం తటపటాయించి, దాని తల మీదికి వచ్చింది. లోపలికి మాత్రం రాలేదు, భోజనమూ చేయలేదు. బోయీలు పల్లకీ ఎత్తారు, ఆయన వెంట నడిచిపోయాడు. వీధిలో పల్లకీ వెంట వచ్చిన జనం చాలామంది మా పందిట్లోకి వచ్చేశారు, కుర్చీలు చాలలేదు.

సుభద్ర కళ్ళు తుడుచుకుని నా భుజం పట్టుకుంది. "చూసినావా మే. దూరమాయన దగ్గరాయనకు చెప్పి పంపినాడు."

"అవునులే. ముందుగా రావాలని నోరారా చెప్తి, తాళి కట్టినాక వస్తాడేందీ?" అన్నాను.

"ఇంటిపేరు చెప్పకుండా పిలిస్తివి గదా! ఇల్లు ఎతుక్కోని రాను ఆ మాత్రం పొద్దుపోదా?" అని, కుర్చీ మీది కండువా తీసి నా మెడలో వేసి, నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.